ఈ కట్టె యాడిది

మెహనాజ్ పేరు వింటే నాకు కడుపుమంట. ఈ మాట ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. ఆ పిల్లకు డిగ్రీలో మూడేళ్లు బోటనీ చెప్పింది నేనే. మైక్రోస్కోప్‌లో ఒక కన్నుతో చూస్తూ రెండో కన్ను మూయకుండా ఉండటం నేర్పింది నేనే. పీహెచ్‌డీకి దరఖాస్తు పెడతాను సార్ అంటే, పెట్టమ్మా అని సంతకం చేసిందీ నేనే. అన్నీ నా చేతులతో చేసుకున్నాక నాకు కాక ఇంకెవరికి మండుతుంది?

నా పేరు రాజశేఖర్. కర్నూలులో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో లెక్చరర్ని. ఉండేది కల్లూరులో. ఎనిమిదేళ్లుగా నాగజ్యోతి మేడమ్ దగ్గర పీహెచ్‌డీ చేస్తున్నాను. పొద్దున కాలేజీలో పాఠాలు, మధ్యాహ్నం షేర్ ఆటోలో మేడమ్ ల్యాబుకు. మెహనాజ్ రెండేళ్ల కిందట ఫెలోషిప్ తెచ్చుకుని అదే ల్యాబులో చేరింది. వచ్చిన వారానికే కిటికీ పక్కన మైక్రోస్కోప్ సీటు ఆ పిల్లదైపోయింది. అది నా సీటు. "నువ్వు వచ్చేది మధ్యాహ్నం కదప్పా, పొద్దంతా ఖాళీగా ఉంటాది" అన్నారు మేడమ్. నిజమే. నిజమైతే మాత్రం మండదా? మేడమ్ ఇంటి నుంచి తెచ్చుకునే బొరుగుల ఉగ్గాని డబ్బాలో ఆ పిల్లకు వాటా ఉండేది. ఎనిమిదేళ్లలో నాకు ఆ డబ్బా మూత కూడా తీసి చూపించలేదు.

మా ల్యాబులో అందరం పని చేసేది ఒకే రకం కుక్కగొడుగు మీద. గొప్పగా ఊహించుకోవద్దు. ఎండిన కట్టెల మీద, కంచెల మీద, పాత దూలాల మీద వేలిగోరంత మొలుస్తుంది. పైన బూడిదరంగు నూగు, కింద విసనకర్ర మడతల్లాంటి రేకులు. ఒక్కో రేకూ నిలువునా చీలి ఉంటుంది. మా సీమ ఎండకు ముడుచుకుని చచ్చినట్టు పడుంటుంది కానీ చావదు. ఏళ్ల తరబడి కాగితం కవర్లో పెట్టి మరిచిపోయినా సరే, నాలుగు చుక్కల నీళ్లు పోస్తే రేకులు విప్పుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ బీజాలు రాలుస్తుంది.

దీని పెళ్లిళ్ల సంగతి ఇంకా వింత. ఆడ, మగ అని రెండు రకాలు కాదు, దీంట్లో వేలకు వేల రకాలు. ఒక ఊరి కుక్కగొడుగు బీజాన్ని, ఇంకో ఊరిదాన్ని పక్కపక్కన పెంచితే దాదాపు ఎప్పుడూ జత కుదురుతుంది. ఒకే తల్లి పిల్లలైతే మాత్రం నాలుగింటిలో ఒకటే కుదురుతుంది. జత కుదిరితే, దారప్పోగుల్లాంటి దాని ఒంటి మీద కణుపు కణుపుకూ చిన్న బుడిపె వస్తుంది. మైక్రోస్కోప్‌లో ఆ బుడిపె ఉందా లేదా అని చూస్తే చాలు, ఎవరికి ఎవరు చుట్టమో తేలిపోతుంది. ఎంత దూరానికి ఎంత తేడా వచ్చింది, ఎండ ఏ వంశాన్ని మిగిల్చింది, ఏ వంశాన్ని తుడిచేసింది అనే పెద్ద ప్రశ్నలకు ఇంత చిన్న కుక్కగొడుగు జవాబు చెబుతుంది. అందుకే దాన్ని పట్టుకుని వేలాడుతున్నాం.

ఎనిమిదేళ్ల కిందట, మొదటి సంవత్సరం ఉత్సాహంలో, కడప బస్సు ఎక్కి దిగుతూ ఏడు ఊళ్లలో కుక్కగొడుగులు ఏరుకొచ్చాను. పాణ్యం, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు, కడప. ప్రతి ఊళ్లోనూ రోడ్డు పక్క హోటల్లోకి పోవడం, టీ చెప్పడం, వెనక కట్టెల కుప్ప దగ్గర చాకుతో గీరి కవర్లో వేసుకోవడం. రెండు రోజుల్లో పని అయిపోయింది. డీఎన్ఏ తీయిస్తే ఏడు ఊళ్లవీ అచ్చు ఒకేలా ఉన్నాయి. నూటయాభై కిలోమీటర్ల పైన దూరంలో వెంట్రుకంత తేడా లేదు. మేడమ్ ఆశ్చర్యపోయారు. నేను ఎగిరి గంతేశాను. కరువు మిగతా వంశాలన్నిటినీ తుడిచిపెట్టిందనీ, ఎండకు తట్టుకునే ఒకే ఒక్క వంశం సీమంతా మిగిలిందనీ సిద్ధాంతం కట్టాను. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడి ఉంది. జత కట్టించి చూసే పని మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. ఏడు ఊళ్లవి, కుదరక ఎక్కడికి పోతాయిలే అని ధీమా.

మెహనాజ్ పద్ధతి వేరు. చాకు తీసే ముందు పావుగంట ముచ్చట్లు. "అవ్వా, ఈ కట్టె యాడిది? ఏ చెట్టుది? ఎప్పుడు కొట్టినారు?" అని అడిగి నోటు పుస్తకంలో రాసుకుంటుంది. వాళ్ల నాన్న హుసేనప్పకు కల్లూరులో కట్టెల డిపో ఉంది, ఆ అలవాటు అక్కడిది. చేరిన కొత్తలో ఒకరోజు నా దగ్గరికి వచ్చి "సార్, మీ ఏడు ఊళ్ల కట్టెలు..." అని ఏదో మొదలుపెట్టింది. నేను మాట పూర్తి కానివ్వలేదు.

"కట్టెకు ఆధార్ కార్డు అడుగుతావేందమ్మా నువ్వు?" అన్నాను.

ల్యాబంతా నవ్వింది. ఆ పిల్ల కూడా నవ్వి వెళ్లిపోయి కిటికీ పక్కన కూర్చుంది.

ఆ తర్వాత తను కడప రోడ్డు ముఖం చూడలేదు. మహానంది దగ్గర అరటితోటల కంచెలు, గండికోట కింద పెన్న ఒడ్డున ఎండిపోయిన తుమ్మలు, ఎక్కడెక్కడి వంకలు, గుట్టలు తిరిగింది. నా ఏడు ఊళ్లలో ఒక్క ఊరికీ పోలేదు. నేను నడిచిన దారిలో నడిస్తే పరువు తక్కువ అనుకుంది కాబోలు, ఎంత పొగరు అనుకున్నాను. పోయిన నెల తన ఫలితాలు బల్ల మీద పరిచింది. ఏ రెండు చోట్లవీ ఒకటి కావు. ఒక గుట్టకూ పక్క గుట్టకూ కూడా తేడా ఉంది.

మేడమ్ ఇద్దరినీ గదిలోకి పిలిచారు. "ఒకే సీమలో ఒకరికి తేడానే లేదు, ఒకరికి అంతా తేడానే. ఇద్దర్లో ఒకరిది తప్పప్పా" అన్నారు.

నేను క్షణం ఆలస్యం చేయలేదు. "చిన్నపిల్ల కదా మేడమ్. బీజాలు పెంచే గాజు ప్లేట్లలో గాలి బీజాలు పడి కలిసిపోయి ఉంటాయి" అన్నాను. ఎంత పెద్దమనిషి గొంతుతో అన్నానంటే, నాకే ముచ్చటేసింది.

మేడమ్ జర్నల్‌కు పంపబోతున్న మెహనాజ్ పేపర్‌ను ఆపేశారు. మూడు వారాల తర్వాత సోమవారం సెమినార్‌లో ఎవరి రుజువులు వాళ్లు చూపించాలి. ఆ పిల్లది తప్పని తేలితే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి, ఆ ఏడాది పేపర్ లేకపోతే ఫెలోషిప్ కూడా ఆగిపోతుంది. నాది తప్పని తేలితే ఎనిమిదేళ్ల థీసిస్ చెత్తబుట్టలోకి. మెహనాజ్ ముఖం వాడిపోయింది. అది చూసి నాకు హాయిగా అనిపించింది. సిగ్గుపడాల్సిన హాయే, కానీ హాయే.

మరుసటి ఆదివారం పొద్దున్నే ల్యాబుకు వెళ్లాను. ఎవరూ లేరు. బీరువాలకు మారు తాళాలు నా దగ్గర ఉంటాయి, సీనియర్ని కదా. మెహనాజ్ బీరువా తెరిచి ఏడు చోట్ల కవర్లు తీశాను. వాటిని జత కట్టిస్తే కొన్నైనా కుదరవు, ఆ పిల్ల చూపించిన తేడాలు ఉత్తివని తేలిపోతుంది అని నా లెక్క. చెప్పకుండా తీయడం తప్పని తెలుసు. ఆ పిల్ల తప్పు బయటపెట్టడానికి నేనొక తప్పు చేస్తే చెల్లుకు చెల్లు అని సర్దిచెప్పుకున్నాను. మేడమ్ ముందు పక్కపక్కన పెట్టి చూపిస్తే బాగుంటుందని నా ఏడు ఊళ్ల కవర్లు కూడా తీశాను. న్యాయంగా కనబడాలి కదా.

ఎనిమిదేళ్లనాటి నా కుక్కగొడుగులు ఎండిన తోలు ముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. తడి దూది మీద పెట్టి కూర్చున్నాను. టీ తాగి వచ్చేసరికి ఒక్కొక్కటే రేకులు విప్పుతున్నాయి. చూస్తుంటే కాసేపు కడుపుమంట కూడా మరిచిపోయాను. రాలిన బీజాలను ఒక్కొక్కటిగా ఏరి పెంచి, ఊరికొకటి, చోటుకొకటి చొప్పున తీసి, నావి నావాటితో, ఆమెవి ఆమెవాటితో, ప్రతిదాన్నీ ప్రతిదానితో జత కలిపాను. నావి ఇరవై ఒక్క ప్లేట్లు, ఆమెవి ఇరవై ఒకటి. పాత ఇంక్యుబేటర్ వెనక అరలో దాచి పైన గుడ్డ కప్పాను.

రెండు వారాల పైన గడిచాక శనివారం, మెహనాజ్ ఊళ్లో లేని రోజు చూసి, గుడ్డ తీశాను. ముందు ఆమెవే చూశాను, తీపి ముందు తినాలని. మొదటి ప్లేటులో బుడిపెలు. రెండోదాంట్లో బుడిపెలు. ఇరవై ఒకటికి ఇరవై ఒకటీ కుదిరాయి. ఆ పిల్ల పనిలో ఎక్కడా రవ్వంత తప్పు లేదు. నాకు నోరు చేదయింది.

సరే, నావి కూడా ఇరవై ఒకటీ కుదురుతాయి, సమానం అయిపోతుందిలే అనుకుని నా ప్లేట్లు పెట్టాను. మొదటిదాంట్లో బుడిపెలు లేవు. రెండోదాంట్లో లేవు. మూడోదాంట్లో ఉన్నాయి. మొత్తం అయ్యేసరికి ఇరవై ఒకటిలో ఐదే కుదిరాయి. మళ్లీ మొదటి నుంచి చూశాను. ఐదే. బడిపిల్లాడికి కూడా అర్థమయ్యే లెక్క అది. నాలుగింట ఒకటి. ఒకే తల్లి పిల్లలు.

కరువు మీదికి నెడదామన్నా వీలు లేదు. జత కట్టే రకాలను కరువు కూడా తుడిచిపెట్టలేదు, ఎందుకంటే అరుదైన రకానికే ఎక్కువ సంబంధాలు కుదురుతాయి, అది ఎప్పుడూ బతికి బయటపడుతుంది. ఇది నా థీసిస్ రెండో అధ్యాయంలో నేనే రాసుకున్న మాట. దాని పక్కన మేడమ్ టిక్కు కూడా పెట్టారు. వంశం ఒకటే మిగిలినా రకాలు మిగలాలి. నావాటికి అవి కూడా మిగల్లేదు. ఏడు ఊళ్లు, ఒక్క తల్లి.

మరుసటి రోజు ఆదివారం చాగలమర్రి బస్సెక్కాను. రోడ్డు పక్క సిద్దమ్మ హోటల్ ఇంకా ఉంది. గ్యాసు పొయ్యి వచ్చింది కానీ బయట కూర్చోవడానికి అదే రాతి అరుగు, పక్కన ఒక పెద్ద కట్టె మొద్దు. మొద్దు మీద కూర్చుని టీ చెప్పాను. రెండేళ్ల కిందట ఎగతాళి చేసిన ప్రశ్న నా నోటితోనే అడగాల్సి వచ్చింది.

"అవ్వా, ఎనిమిదేండ్ల కింద నీ హోటల్ వెనక కట్టెలు ఉండేవి, అవి యాడివి?"

సిద్దమ్మ గ్లాసు నా చేతికిచ్చి నవ్వింది. "ఇదేం అడుగుడప్పా, ఎప్పటి కట్టెలో ఇప్పుడు అడుగుతాండావు. అవి యాడివైతే ఏం, కాలి బూడిదైపాయ. ఒగటి మాత్రం మిగిలుండాది. నువ్వు కూసుండేది దాని మీదనే."

నేను లేచి నిలబడ్డాను.

"రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పెద్ద చింతమాను కొట్టినారు చూడు, రెండేండ్లు నిలువునా ఎండి నిలబడిండె. శానా పెద్దది. కల్లూరు హుసేనప్ప వేలంలో పాట పాడి తీసుకున్యాడు. పాణ్యం కాణ్ణించి కడప దాకా రోడ్డు మింద హోటళ్లకంతా ఆ మాను కట్టెలే ఏసినాడు ఆ యేడు. ఈ మొద్దుకు గొడ్డలి దిగల్య. సరే ఉండనీలే అని ఈడ ఏసుకుంటిమి."

వంగి మొద్దు కింద చూశాను. నీడ వైపున వేలిగోరంత కుక్కగొడుగులు వరసగా ముడుచుకుని ఉన్నాయి. పాణ్యంవీ, కడపవీ, నా ఏడు ఊళ్లవీ.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. హుసేనప్ప. మెహనాజ్ నాన్న. కల్లూరులో దిగి ఇంటికి పోకుండా నేరుగా డిపోకు వెళ్లాను. హుసేనప్ప లుంగీ ఎగ్గట్టుకుని కట్టెలు తూకం వేయిస్తున్నాడు. నన్ను చూసి "రాండి సార్, పాప గండికోటకు పోయినాది, సాయంత్రం వస్తాది" అని కుర్చీ వేశాడు. చింతమాను సంగతి అడిగితే గుర్తుపట్టడానికి అరనిమిషం కూడా పట్టలేదు.

"అది మర్సిపోతానా సార్, ఆరు లారీలు వచ్చినాయి. రెండేండ్ల కింద మా పాప కూడా ఇదే అడిగినాది. నాయనా, ఆ మాను కట్టెలు ఏ ఏ హోటళ్లకు ఏసినావు అని. ఊరు ఊరు పేరు రాసుకునింది. ఎందుకు పాపా అంటే, ఏం లేదులే నాయనా, ఆ రోడ్డు దిక్కు నేను పోగూడదు అనింది. ఎందుకు పోగూడదో నాకు చెప్పల్య. మీకేమన్నా తెల్సా సార్?"

తెలియదన్నాను. మజ్జిగ తెమ్మంటాను ఉండండి అన్నాడు. వద్దని బయటపడ్డాను.

రెండేళ్ల నుంచి తెలుసు. ఆ రోజు "మీ ఏడు ఊళ్ల కట్టెలు" అని మొదలుపెట్టింది ఈ సంగతే. తను నా ఊళ్లకు పోయి ఏరుకొస్తే ఎవరైనా పక్కపక్కన పెట్టి చూసి నావి ఒకే మానువని పట్టేసేవాళ్లు. అందుకని ఎండలో గుట్టలు పట్టుకు తిరిగింది. నేను పొగరనుకున్నది అది. పోయిన నెల పేపర్ ఆపేసినప్పుడు కూడా నోరు విప్పలేదు. ఒక్క మాట చెప్పి ఉంటే తన పేపర్ ఆ రోజే పోస్టులో పడేది. చెప్పలేదు. నా మీద జాలిపడింది. జాలిపడటానికి నేనేమన్నా ఆ పిల్లకు సాటివాడినా? సార్‌ని. నడుస్తుంటే చెవులు వేడెక్కిపోయాయి. ఆ కోపంలో ఇంటి సందు కూడా దాటిపోయాను.

సోమవారం సెమినార్‌కు గంట ముందే ల్యాబుకు వెళ్లి గుడ్డ తీసి ప్లేట్లు, కవర్లు బయట పెట్టాను. చెత్తబుట్ట మూడడుగుల దూరంలో ఉంది. నలభై రెండు ప్లేట్లు అందులో వేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మెహనాజ్ చెప్పదు. రెండేళ్లు చెప్పనిది ఈ రోజు చెప్పదు. నా సిద్ధాంతం నిలబడుతుంది, ఆ పిల్ల మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతుంది. నిజం చెప్పాలంటే ఆమె ప్లేట్లు చేతిలోకి తీసుకున్నాను కూడా.

తలుపు దగ్గర మెహనాజ్. భుజాన సంచి, గండికోట దుమ్ము ఇంకా చెప్పుల మీదే ఉంది. నా చేతిలో ప్లేట్లనీ, బల్ల మీద తన రాతతో ఉన్న కవర్లనీ, పక్కన నావాటినీ చూసింది. బీరువా ఎందుకు తెరిచారని అడగలేదు.

"నాకు చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"చెప్దామనే వచ్చినా సార్ ఆ పొద్దు" అంది. అంతే. ఆధార్ కార్డు మాట ఇద్దరికీ గుర్తుంది, ఇద్దరం ఎత్తలేదు.

"తర్వాతైనా?"

"ఎనిమిదేండ్ల పని సార్. మీ అంతట మీరే చూస్తే బాగుంటాదని అనుకుంటి." నా పక్క నుంచి దాటుతూ "ఈ నెల మాత్రం శానా బయమేసింది" అని తన సీటు దగ్గరికి వెళ్లి సంచి పెట్టుకుంది.

సెమినార్‌లో మొదట నా పేరే పిలిచారు. మేడమ్, ఇద్దరు ప్రొఫెసర్లు, స్కాలర్లు. నేను ప్లేట్లు వరసగా పెట్టి ఆమెవి ఇరవై ఒకటీ కుదిరాయని చెప్పాను. నావి ఐదే కుదిరాయని చెప్పాను. "నా ఏడు ఊళ్లూ ఒకే చింతమాను మేడమ్. చాగలమర్రి దగ్గర రోడ్డు పనిలో కొట్టేశారు. కల్లూరు హుసేనప్ప ఆ కట్టెలు అన్ని హోటళ్లకూ వేశాడు. నేను కట్టె ఎక్కడిదని అడగలేదు" అన్నాను. చివరి వాక్యం చెప్పడానికే ఎక్కువ సేపు పట్టింది.

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "మెహనాజ్ పేపర్ ఈ రోజే పంపిద్దాం. నువ్వు మళ్లీ ఏరుకురావాల రాజశేఖరప్పా" అన్నారు. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు మెహనాజ్ వైపు తిరిగారు. "హుసేనప్ప అంటే మీ నాయనే కదా పాపా. ఆ కట్టెల సంగతి నీకు తెలీదా?"

నేను తల దించుకున్నాను. తెలుసని చెబితే చాలు. రెండేళ్ల ముందే ఈ పిల్ల పట్టేసిందని, ఎనిమిదేళ్ల సీనియర్ రెండేళ్లు ఆలస్యంగా కళ్లు తెరిచాడని తేలిపోతుంది. నేనైతే చెప్పేవాణ్ని. గొంతు సవరించుకుని, పెద్దమనిషిలా, తేదీతో సహా చెప్పేవాణ్ని.

"తెల్దు మేడమ్" అంది మెహనాజ్. "సారే కనుక్కున్నారు."

తడబడలేదు. నా వైపు చూడను కూడా చూడలేదు. మేడమ్ నన్ను మెచ్చుకుంటున్నట్టు తల ఊపి, ఉగ్గాని డబ్బా నా ముందుకు జరిపారు. ఎనిమిదేళ్లలో మొదటిసారి. తిన్నాను. ఎనిమిదేళ్లు పోయినందుకు కాదు, ఆ అబద్ధం అంత సులువుగా ఆడగలిగినందుకు, అది నా వల్ల ఈ జన్మలో కాదని తెలిసినందుకు, ఆ పిల్ల మీద నాకు ఇంతకుముందు ఎప్పుడూ లేనంత కడుపుమంట పుట్టింది.